ఎర్రిస్వామి సర్దిన ఫైళ్లు

ఇరవై మూడో ఫ్లాపీలో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించి, దాని మీద అంటించిన చీటీని గోటితో గీకి తీసేశాడు ఎర్రిస్వామి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, తెర దగ్గరికి వంగి, ఫైళ్ల పేర్లు పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. కొత్తది, కొత్తది రెండు, ఫైనల్, ఫైనల్ ఒకటి, ఇదే ఫైనల్. అన్నీ తాను పెట్టిన పేర్లే. 'ఇదే ఫైనల్' తెరిచి చూస్తే ఆరేళ్ళ కిందటిది. తనలో తానే నవ్వుకుని దాన్ని 'పాతవి' అనే ఫోల్డరులో పడేశాడు.

హిందూపురంలోని ఆ ధర్మాసుపత్రికి రోగుల వివరాల ప్రోగ్రాము తొంభై రెండులో అతను రాసిందే. అప్పటి నుంచి ఈ రెండువేల నాలుగు దాకా దాన్ని అతుకులేస్తూ నడిపించింది కూడా అతనే. ముదిగుబ్బ పక్కన గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు. ధర్మవరంలో డిగ్రీ చదివి, అనంతపురంలో అద్దె గదిలో ఉండి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. తోటివాళ్ళు బెంగళూరు కంపెనీలకు పోతూ రమ్మని పిలిచారు. పోలేదు. భార్య చౌడక్క మగ్గం ధర్మవరంలో ఉంది. గుంత తవ్వి పాతిన మగ్గాన్ని పెకలించుకుని ఎక్కడికని పోతాడు? రోజూ ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కడం, హిందూపురంలో దిగడం, సాయంత్రం మళ్ళీ ఎక్కడం. నలభై తొమ్మిదేళ్ళకే మెడ ముందుకు వంగిపోయింది.

నెల రోజులుగా అతనికి ఈ సర్దుడే పని. డైరీల వెనక, మందుల కంపెనీల అట్టల మీద రాసిపెట్టుకున్న సంగతులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగా టైపు చేసి, ఏది దేనికి సంబంధించిందో ఆ ఫోల్డరులో పెడుతున్నాడు.

"ఏంటికి సార్ ఇంత ఆత్రంగా సర్దుతాండారు?" పక్క కుర్చీలోంచి అడిగింది ఝాన్సీ. పెనుకొండ నుంచి వచ్చే ఆమె ఆరేళ్ళుగా అక్కడే ఆపరేటరు.

"దుమ్ము పట్టిండాదిలేమ్మా" అన్నాడు.

పదకొండు గంటలప్పుడు కిటికీ దగ్గరికి అంజనప్ప అనే రైతు వచ్చాడు. భార్య జయమ్మను జ్వరంతో వార్డులో చేర్చారు. డాక్టరమ్మ సూది వేయబోతూ పాత వివరాలు తెమ్మని పంపింది. ఝాన్సీ పేరు కొట్టింది. తెర మీద ఇద్దరు జయమ్మలు వచ్చారు. ఊరు ఒకటే, వయసు ఒకటే, భర్త పేరు ఒకటే. ఒకరికి పెన్సిలిన్ పడదని ఉంది.

"సార్, ఈమె యెవురో తెలీడంలేదు."

ఎర్రిస్వామి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నువ్వే చూడు. నేను ఈడ లేననుకో."

"అదేం మాట సార్? ఆడ సూది చేతిలో పట్టుకోనుండారు!"

"పేర్ల తికమకలని ఒక ఫోల్డరు ఉండాది. అందులో చూడు."

ఝాన్సీ ఫోల్డరు తెరిచింది. ఊళ్ళ వారీగా ఫైళ్లు. ఆ ఊరి పేరు నొక్కింది. 'ఇద్దరు జయమ్మలు. మొగుళ్ళిద్దరూ అంజనప్పలే. తండ్రి పేరు అడుగు. హనుమప్ప కూతురికే పెన్సిలిన్ పడదు.'

"ఏమప్పా, మీ ఆమె వాళ్ళ నాయన పేరేమి?"

"హనుమప్ప తల్లీ."

ఝాన్సీ కుర్చీ వెనక్కి తోసి లేచి వార్డుకు పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఎర్రిస్వామి కళ్ళద్దాలు తీసి భుజం మీది టువాలుతో తుడుచుకుంటున్నాడు.

"వేరే మందు రాసినారు సార్" అంది ఆయాసపడుతూ.

"నన్ను అడక్కుండానే చేస్తివి కదమ్మా" అన్నాడు. ఆ మాటలో సంతోషమే ఉన్నా, అతని మొహం ఎందుకో పాలిపోయి ఉంది.

సాయంత్రం రైల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. పెనుకొండ కొండ కనబడుతుండగా చెప్పాడు.

"సోమవారం బెంగళూరికి పోతాండా. గుండెలో కవాటం మార్చల్లంట. పది దినాలు పట్టొచ్చు."

"ఇన్ని దినాలూ ఎందుకు చెప్పలేదు సార్?"

"చెప్పింటే నన్ను పని చేయనిస్తాంటివా?"

స్టేషను వచ్చింది. ఆమె దిగి, రైలు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకునే నిలబడింది.

ఆపరేషను బాగానే అయిందన్నారు. మూడో రోజు మధ్యాహ్నం చౌడక్క హిందూపురం ఆసుపత్రికి ఫోను చేసి, "మా ఆయప్ప ఇంక రాడమ్మా" అని మాత్రం చెప్పి పెట్టేసింది.

మరుసటి వారం ఝాన్సీ ఆ గదిలో ఒక్కతే కూర్చుని కంప్యూటరు తెరిచింది. ఫోల్డర్లన్నిటికీ పైన 'ముందు ఇది చదువు' అని ఒక ఫైలు ఉంది. ఏది ఎక్కడుందో, దేన్ని ముట్టుకోకూడదో అంతా వరసగా రాశాడు. చివర ఒక్క మాట. 'ప్రోగ్రాము తప్పు చేస్తే అది నాది. నువ్వు భయపడొద్దు.'

కిటికీ దగ్గర ఎవరో పిలిచారు. కళ్ళు తుడుచుకుని, పేరు అడిగి, తండ్రి పేరు కూడా అడిగింది.

గుమ్మం పక్కన, దుమ్ము రాకుండా కంప్యూటరు గదిలో మాత్రమే వేసుకునే అతని రబ్బరు చెప్పులు ఉన్నాయి. ఎడమదాని మడమ బాగా అరిగింది. రెండూ గది వైపే తిరిగి ఉన్నాయి.