కడగని చేతులు

మేస్త్రీ తన ముందు పోయించిన బాడిగ రకం మిరపకాయలు వదిలేసి, అమీర్‌బీ గోడవారనున్న తేజా కుప్ప దగ్గరికి పోయి కూర్చుంది. బాడిగ రంగుకే ఎరుపు, కారం తక్కువ. తేజా అలా కాదు. ముచ్చిక తుంచగానే ఘాటు గోళ్ళలోకి ఎక్కుతుంది. మిరప కొట్లో పనిచేసే ఆడవాళ్ళెవరూ కోరి తేజా దగ్గర కూర్చోరు.

"మొగుణ్ణి ఆస్పత్రిలో పెట్టుకుని పనికొచ్చావా వదినా? కూలెక్కడికి పోద్ది?" అంది పక్కనున్న హనుమాయమ్మ, అడక్కుండా ఉండలేక.

"కూలి కోసం కాదులే," అంది అమీర్‌బీ. అసలు సంగతి చెబితే నవ్వుతారని భయం.

నిన్న సాయంత్రం డాక్టరు ఆమెనీ, మరిది నజీర్‌నీ పిలిచి కూర్చోబెట్టాడు. "తలలో నరం చిట్లిందమ్మా. ఊపిరి మిషనే పీలుస్తోంది. గిల్లి చూశాం, కళ్ళల్లో లైటేసి చూశాం. కదలిక లేదు. తెలివొస్తుందని నేను చెప్పలేను. మిషను ఉంచాలో తీసేయాలో రేపు సాయంత్రానికి మీరే చెప్పండి."

నజీర్ తల వంచుకున్నాడు. "నీ మాటే వదినా," అన్నాడు.

గిల్లారట! గిల్లితే లేచే మనిషా జాన్ బాషా? పరుపులు కుట్టేటప్పుడు దబ్బనం వేల్లో దిగబడినా, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ కుట్టు అందుకునే రకం. పొద్దస్తమానం దూది దుమ్ములో మునిగినా ఒక్క తుమ్ము తుమ్మడు. అలాంటివాడికి పెళ్ళాం కారపు కొంగు గాలి సోకితే చాలు, ముక్కూ కళ్ళూ ఏకమయ్యేవి. ప్రత్తిపాడులో వాళ్ళ వీధి వీధంతా ఆ తుమ్ములు వినే అమీర్‌బీ ఆటో దిగిందని తెలుసుకునేది. అందుకని ఆమె వచ్చే వేళకి దడి పక్కన బకెట్టు నిండా నీళ్ళు, సబ్బు, ఉతికిన చీర పెట్టి, "ముందు తానం చెయ్యి తల్లీ, తర్వాత మాట్టాడుకుందాం," అని దూరం నుంచే దణ్ణం పెట్టేవాడు. పిల్లల్లేని ఆ ఇంట్లో రోజూ ఉన్న సరదా అదొక్కటే.

ఆయన పడిపోయాడని ఫోనొచ్చిన రోజు కూడా ఆమె అలవాటు తప్పలేదు. ఆస్పత్రి కుళాయి కింద మోచేతులదాకా తోముకుని, తోడికోడలు తెచ్చిన చీర కట్టుకున్నాకే లోపలికి పోయింది. అప్పట్నించీ అక్కడే వసారాలో పడుకుంటూ, రోజూ శుభ్రంగానే ఆయన ముందు నిలబడింది. పొరపాటు అక్కడే జరిగిందని రాత్రి తట్టింది. సబ్బు వాసనతో పోతే, వచ్చింది తనేనని ఆయనకెలా తెలుస్తుంది?

మధ్యాహ్నానికి వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టయ్యాయి. హనుమాయమ్మ గిన్నె తీసింది. "మజ్జిగ పోస్తా, చేతులు పట్టు."

"వద్దు."

"ఏంది వదినా ఈ మొండితనం?"

అమీర్‌బీ రాలిన గింజలు పిడికిట నలిపి కొంగుకి రాసుకుంది. అన్నం తినలేదు. మూడింటికి లేచి ఆటో ఎక్కితే పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కులు మూసుకుని జరిగారు.

నర్సు షారోన్ ఇచ్చిన పచ్చ గౌను తొడుక్కుంది కానీ కొంగు పైకి తీసి ఉంచింది. జాన్ బాషా మంచం దగ్గరికి నడిచేలోపే షారోన్‌కి దగ్గు మొదలైంది. తలుపు దగ్గర వాచ్‌మన్ తుమ్మాడు. పక్క మంచం మీద ముసలాయన ముక్కు రుద్దుకుంటూ తల తిప్పాడు.

అమీర్‌బీకి ఆశ పుట్టింది. వంగి, కొంగు ఆయన ముక్కు దగ్గర ఆడించింది. "ఏమయ్యా, నేనొచ్చా. తానం చెయ్యలా," అంది మెల్లగా. ఆయన కళ్ళ చివర్లు చూస్తూ నిలబడింది. ఒక్క చుక్క చాలు. రెప్ప వణికినా చాలు, మిషను తీయనివ్వదు. ఇల్లమ్మైనా సరే, నాలుగు పరుపులు నెత్తిన మోసి అమ్మైనా సరే, డబ్బు కడుతుంది.

గది గదంతా దగ్గుతోంది. ఆయన మాత్రం మిషను చెప్పినట్టు, ఒక్క తీరుగా ఊపిరి తీస్తున్నాడు. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది? అందరూ రోగులుండే చోట మిరపకారంతో వస్తారా?" షారోన్ భుజం పట్టుకుంది.

"తప్పేనమ్మా. ఆయన తుమ్ముతాడేమోనని," అంది అమీర్‌బీ.

షారోన్ చెయ్యి భుజం మీద అలాగే ఉండిపోయింది.

బయట బెంచీ మీదున్న నజీర్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. "మీ అన్న లేడయ్యా అందులో. తీసేయమను," అంది. అని, ఇన్నేళ్ళ పనిలో ఏనాడూ చెయ్యని పొరపాటు చేసింది. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రపు అసర్ నమాజు వేళ దాటకముందే జాన్ బాషా పోయాడు. మిషను ఆపాక ఎంతోసేపు పట్టలేదు.

పొద్దు గుంకుతుండగా ఆయన్ని ఇంటికి తెచ్చారు. అమీర్‌బీ కళ్ళు వాచి తెరుచుకోవడం లేదు. తోడికోడలు చెయ్యి పట్టుకుని దింపితే, వీధిలోనే ఆగిపోయింది. ఇలా లోపలికి పోకూడదు. ముందు స్నానం చెయ్యాలి.

దడి పక్కన, పడిపోయిన రోజు ఆయన నింపి పెట్టిన బకెట్టు అలాగే ఉంది, నీళ్ళ మీద కాస్త దూది తేలుతూ.