పెద్ద రాయి లేని వారం

నాన్న కాటాలు బాగుచేస్తాడు. బాగుచేసిన కాటా సరిగ్గా తూగుతోందని సీలు వేయడానికి ఆయనకు లైసెన్సు ఉంది. ఈ నెల మొదట్లో తూనికల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. నాన్న సీలు వేసిన ఒక కిరాణా కొట్టు కాటా పది కిలోలకు నూటయాభై గ్రాములు తక్కువ తూస్తోందట. లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో పదిహేను రోజుల్లో చెప్పాలట. అమ్మ ‘రద్దు’ అన్న మాట దగ్గరే కూలబడిపోయింది. నేను మళ్లీ చదివి, ఇంకా రద్దు కాలేదని, ముందు మన మాట వింటారని చెప్పాను.

కారణం నాన్నకు తెలుసు. ఆ కాటాకు సీలు వేసిన వారం నాన్న దగ్గరుండే పది కిలోల తూకపు రాయి పరీక్ష కోసం అదే ఆఫీసులో ఉంది. కొట్టాయన తొందరపెడితే నాన్న రెండు కిలోల రాయితో చూసి సీలు వేసేశాడు. చిన్న బరువు సరిగ్గా చూపే కాటా పెద్ద బరువుకు తప్పొచ్చు. ఆ సంగతి నాకు కూడా తెలుసు.

జవాబు మామయ్య రాశాడు. ఆఫీసు కాగితాలు తనకు వెన్నతో పెట్టిన విద్య అంటాడాయన. కొట్టాయనే సీలు తెంపాడని రాశాడు. నాన్న సంతకం పెట్టాడు.

విచారణకు నాన్నకు తోడుగా అమ్మ నన్ను పంపింది. గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. కొట్టాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. అధికారిణి జవాబు చదివి వినిపించమన్నారు. కంగారులో నాన్నకు అక్షరాలు ఆనలేదు. కాగితం నా చేతిలో పెట్టాడు. కొత్తవాళ్ల ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు. తల వంచుకుని గబగబా చదివాను. సీలు తెంపిన మాట రాగానే కొట్టాయన నా వైపు చూశాడు. కోపంగా కాదు, అర్థం కానట్టు. నేను ఆగిపోయాను.

“చదువమ్మా,” అన్నారావిడ.

నేను నాన్నను చూశాను.

“ఆ ముక్క కొట్టేయండి మేడమ్,” అన్నాడు నాన్న. “ఆయన ముట్టుకోలేదు. నేనే పెద్ద రాయి పెట్టి చూడకుండా సీలు వేశాను.”

“ఇది రాసుకుంటే నష్టం మీకే. తెలుసా?”

“తెలుసండి.”

తను కూడా తొందరపెట్టానని కొట్టాయన గొణిగాడు. ఆవిడ అదీ రాసుకున్నారు. ఆ వారం ఇంకెన్నిటికి సీలు వేశారని అడిగితే నాన్న ఐదని చెప్పాడు. ఆ ఐదూ ఆఫీసు రాళ్లతో మళ్లీ చూడాలన్నారు. లైసెన్సు రద్దు చేయడం లేదని, రెండు నెలలు నిలిపేస్తున్నానని, కావాలంటే ముప్పై రోజుల్లో పైఅధికారికి అప్పీలు చేసుకోవచ్చని చెప్పారు.

బయట మామయ్య కాచుకుని ఉన్నాడు. లోపల జరిగింది చెప్పాను.

“నేను కట్టిన గోడకి నువ్వే కన్నం పెట్టావా బావా?”

అప్పీలు రాస్తానన్నాడు. నాన్న వద్దన్నాడు. ఐదు కొట్లూ ఎక్కడెక్కడో చెప్పి నన్ను రాసుకోమన్నాడు. ఇద్దరం మొదటి కొట్టుకు నడిచాం. అక్కడ ఒకావిడకు పప్పు తూస్తున్నారు. నాన్న కాటా మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగండమ్మా. దీనికి సీలు వేసింది నేనే. సరిగ్గా చూడకుండా వేశాను.”