ఏది ముందు చస్తుంది?

మూడో కంప్యూటర్ సోమవారం ఉదయం పదకొండింటికి చచ్చిపోయింది. నాలుగంతస్తుల భవనానికి మెట్లు గీస్తున్న కోడలి ఎదుట తెర ఒక్కసారి రెప్పలు కొట్టి నల్లబడింది. పెట్టె వెనక నుంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. అంతే, కథ కంచికి.

ఆమె ఇంట్లోనే ఒక గదిలో కూర్చుని ఇంజినీర్లకు ఇళ్ళ ప్లాన్లు గీసిస్తుంది. పదకొండేళ్ళుగా అదే పని. ఈ పదకొండేళ్ళలో మూడు కంప్యూటర్లను సాగనంపింది. మూడూ మొగుడు కొన్నవే. మొదటిది స్పీకర్లు ఉచితమని కొన్నాడు. రెండోది దుకాణం ఎత్తేస్తున్నారని కొన్నాడు. మూడోది ఎందుకు కొన్నాడో ఆయనకే గుర్తులేదు. దాంతోపాటు ఓ సంచి ఇచ్చారని మాత్రం గుర్తుంది, ఎందుకంటే ఇప్పటికీ అందులోనే కూరగాయలు తెస్తున్నాడు.

"పోయిందా?" అని గుమ్మంలోంచి అరిచింది అత్తగారు.

అత్తగారు ఏది అడిగినా అరుపే. ముప్ఫై రెండేళ్ళు ఒంటిచేత్తో పిండిమర నడిపిన మనిషి. ఆ హోరులో చెవులు సగం పోయాయి, గొంతు మాత్రం రెట్టింపైంది.

"పోయింది అత్తయ్యా."

"పీడా పోయింది. దానిమీద చెయ్యి పెడితే జ్వరమొచ్చినట్టు వణికేది. నా మోటారు అలా వణికితే మధ్యాహ్నానికల్లా విప్పి నేలమీద పరిచేదాన్ని."

కోడలికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మూడు రోజులు కూర్చుని గీసిన మెట్లు గాల్లో కలిసిపోయాయి. సాయంత్రం మొగుడు ఇంటికి రాగానే చెప్పేసింది.

"ఈసారి పెట్టె పెట్టెగా కొనేది లేదు. ఒక్కో భాగం ఏరి కట్టించుకుంటాను. పదేళ్ళు నడవాలి."

"పదేళ్ళా? మన పెళ్ళికే అంత గ్యారంటీ ఇవ్వలేదే ఎవరూ!"

"దానికీ విడిభాగాలు దొరికితే ఎప్పుడో మార్పించేదాన్ని."

మొగుడు నవ్వి, నవ్వాల్సిన మాటేనా అని అనుమానం వచ్చి ఆపేశాడు. ఆ తర్వాత ఏ కష్టమొచ్చినా చేసే పనే చేశాడు. బావకు ఫోన్ కొట్టాడు.

బావ అంటే ఆడపడుచు భర్త, అత్తగారికి ఒక్కగానొక్క అల్లుడు. ఆయనకు తెలియని విషయం లేదు, పూర్తిగా తెలిసిన విషయమూ లేదు. మర్నాడే రెండు కాగితాల జాబితాతో దిగాడు. కుర్చీలో వెనక్కి వాలి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. మొట్టమొదటి వస్తువు అద్దాల క్యాబినెట్. పన్నెండు రంగుల లైట్లు. పాట పెడితే పాటకు తగ్గట్టు వెలుగుతాయట.

"నేను గోడలు గీస్తాను అన్నయ్యగారూ, పాటలు పెట్టను," అంది కోడలు.

"ఉంటే పోయేదేముంది చెల్లెమ్మా? రెండోది, వాటర్ కూలింగ్."

"ఏ కూలింగ్?" అని అత్తగారు కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నీళ్ళు అత్తయ్యగారూ. లోపల గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూ వేడి లాగేస్తాయి."

"కరెంటు పెట్టెలో నీళ్ళా? అల్లుడుగారూ, మీరు చదువుకున్నవారు, మీకు చెప్పేంతదాన్ని కాదు. కానీ కరెంటు దగ్గరికి నీళ్ళు తెచ్చినవాణ్ణి మా మర గడప ఎక్కనిచ్చేదాన్ని కాదు."

అత్తగారికి అల్లుడంటే మహా మర్యాద. తిట్టాలనిపిస్తే ముందు 'గారు' తగిలించేది, తర్వాత తిట్టేది.

బుధవారం దుకాణానికి ముగ్గురు వెళ్దామనుకున్నారు. నలుగురు వెళ్ళారు. ఎవరూ రమ్మనకముందే అత్తగారు చెప్పులేసుకుని ఆటోలో కూర్చుంది.

దుకాణం ముందు భాగమంతా అద్దాలూ లైట్లూ. బల్లమీద ఓ కంప్యూటర్‌ని పెళ్ళికొడుకులా నిలబెట్టారు. లోపల ఫ్యాన్లు ఎర్రగా, ఆకుపచ్చగా, ఊదాగా తిరుగుతున్నాయి. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఒక్క చూపులో నలుగురినీ లెక్కేసి, ఇద్దరు ఆడవాళ్ళనూ వదిలేసి, మగవాళ్ళ వైపు తిరిగాడు.

"చెప్పండి సార్, గేమింగా?"

అల్లుడు జాబితా విప్పాడు. ఇక ఇద్దరూ అందుకున్నారు. కోర్లన్నారు, క్లాక్ అన్నారు, జెనరేషన్ అన్నారు. ఒకరు ఒక అంకె చెబితే రెండోవారు ఇంకా పెద్ద అంకె చెప్పారు. మధ్యలో మొగుడు తల ఊపుతున్నాడు. కోడలు రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ, "ఒక్క నిమిషం మేడమ్," అన్నాడు సేల్స్‌మన్.

ఈలోగా అత్తగారు బల్ల దగ్గరికెళ్ళి ఆ పెళ్ళికొడుకు నెత్తిన అరచెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. చెవులు మొరాయించినప్పటి నుంచీ ఆవిడ యంత్రాలను చేత్తోనే వింటుంది.

"ఇది ఆర్నెల్లు," అని దుకాణమంతా వినబడేలా అరిచింది.

సేల్స్‌మన్ తుళ్ళిపడ్డాడు. "ఏంటండీ?"

"పైనున్న ఫ్యాను బేరింగు అరిగిపోయింది. ఆర్నెల్లలో చస్తుంది."

"అది కొత్త మోడలండీ!" అంటూ నవ్వాడు సేల్స్‌మన్. అల్లుడూ నవ్వాడు. మొగుడు ఎటు నవ్వాలో తెలియక చెప్పులు చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే దుకాణం వెనక ఉన్న సగం తలుపు మీంచి ఓ తల పైకి లేచింది. నెరిసిన జుట్టు, నుదుటి మీదికి తోసిన భూతద్దం. "ఆర్నెల్లు ఎక్కువ చెప్పారండీ," అంది ఆ తల. "మూడు నెలలే."

ఆయన రిపేర్ల మనిషి. దుకాణంలో అందరూ ఆయన్ని 'పోస్టుమార్టం' అంటారు. చచ్చినవే ఆయన దగ్గరికి వస్తాయి కాబట్టి ఆ పేరు. కస్టమర్లతో మాట్లాడనివ్వరు. మాట్లాడితే నిజం చెబుతాడని భయం.

అత్తగారు ఇంకెవరినీ అడగలేదు. సగం తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. కోడలు వెనకే వెళ్ళింది. ఇరుకు గది. సీసం కాల్చిన వాసన. గోడ పొడుగునా అరల్లో పేగులు బయటపడ్డ కంప్యూటర్లు, ఒక్కోదానికి ఒక్కో చీటీ.

అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది. "నాయనా, ఒక్క మాట చెప్పు. ఈ కంప్యూటర్లలో ఏది ముందు చస్తుంది?"

పోస్టుమార్టం భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. ఆయన ముఖం చూస్తే కోడలికి జాలేసింది. పాపం, ఎన్నేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాడో ఈ ప్రశ్న కోసం!

"పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ కూర్చున్నానమ్మా. అందరూ ఏది ఎక్కువ స్పీడని అడుగుతారు. ఇది అడిగింది మీరే." గోడ వైపు చెయ్యి చూపించాడు. "ఈ వరసలో సగం ఎస్‌ఎంపీఎస్ వల్ల పోయినవే. గోడలోంచి వచ్చే కరెంటును అందరికీ పంచిపెట్టే డబ్బా అది. పైనుంచి కనబడదు కాబట్టి చవకది పడేస్తారు. అది ఊరికే చావదు, పక్కనున్నవాళ్ళను కూడా పట్టుకుపోతుంది."

"మదర్‌బోర్డునా?" అంది కోడలు.

"ముందు దాన్నే."

"తల్లి బోర్డు ఉంది గానీ అత్త బోర్డు లేదా?" అంది అత్తగారు.

"ఈ డబ్బాయేనండీ అత్త. అది సవ్యంగా ఉంటే ఇల్లంతా చల్లగా ఉంటుంది."

అత్తగారు కోడలి వైపు ఒక చూపు చూసింది. కోడలు అరలో ఉన్న చీటీలు చదవడంలో మునిగిపోయింది.

ఆ తర్వాత గంటసేపు ఆ ఇరుకు గదిలో పోయినవాళ్ళ ముచ్చట్లు జరిగాయి. ఎస్‌ఎంపీఎస్ తర్వాత ఫ్యాన్లు, వాటి తర్వాత డిస్కు. వేడికి ఉబ్బిపోయిన బోర్డులు కొన్ని. ప్రాసెసర్ మాత్రం చచ్చినట్టు తాను చాలా తక్కువగా చూశానన్నాడు. అది ముసలిదవుతుందంతే. ఫ్యాన్లు రెండు రకాలు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు. ఆవిడ ఒక్కోదాన్నీ వేలితో తిప్పి, గోరు ఆనించి, ఒకటి పక్కన పడేసి రెండోది ఒళ్ళో పెట్టుకుంది. పోస్టుమార్టం తల ఊపాడు. ఆయన అనుకున్నదీ అదే.

కోడలు ఓ పాత చీటీ వెనక రాసుకుంది. పదేళ్ళ వారంటీ ఉన్న ఎస్‌ఎంపీఎస్, అవసరానికి మించి కాస్త బలమున్నది. మెమరీకి నాలుగు గదులున్న బోర్డు. ఇప్పుడు రెండు నింపి, రెండు ఖాళీగా వదలడం. మామూలు గాలితోనే చల్లబడే ప్రాసెసర్. అద్దాలు లేని ఇనుప క్యాబినెట్, ముందు దుమ్ము ఆపే జల్లెడ, అది ఊడదీసి కడుక్కునే వీలు. డిస్కులు రెండు.

"రెండెందుకు?" అంది.

"ఎంత మంచిదైనా ఒకరోజు పోతుందమ్మా. మీ బొమ్మలు రెండు చోట్ల ఉండాలి."

ఆమెకు మెట్లు గుర్తొచ్చాయి. 'రెండు' కింద గీత గీసింది.

బయటికొచ్చేసరికి అల్లుడు, సేల్స్‌మన్ బిల్లు దాకా వచ్చేశారు. "సార్, ఫైనల్ చేసేద్దామా?" అంటున్నాడు సేల్స్‌మన్ మొగుడితో. మొగుడు జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగండి," అంది కోడలు. "కంప్యూటర్ నాది. నన్నడగండి."

గొంతు కాస్త పెద్దదే అయింది. ఎవరి దగ్గర నుంచి అంటుకుందో అందరికీ తెలిసింది. చీటీ బల్లమీద పెట్టింది. సేల్స్‌మన్ చదివి, "మేడమ్, ఇందులో లైట్లే లేవు," అన్నాడు.

"గదిలో ఉంది ఒకటి. చాలు."

అల్లుడి ముఖం మాడిపోయింది. "నేను రెండు రాత్రులు కూర్చుని జాబితా రాశాను చెల్లెమ్మా! లోపల ఎవరో రిపేర్లవాడు చెప్పాడని..."

"అల్లుడుగారూ," అంది అత్తగారు, "మీ జాబితా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దాచుకోండి."

ఇంతవరకూ బాగానే ఉంది. కోడలు ఇంకో వస్తువు చూపించింది. పెద్ద తెర, కంటికి మెత్తగా ఉండేది. దాంతోపాటు, నడుముకు ఆనే కుర్చీ. అద్దాలూ నీళ్ళూ తీసేస్తే మిగిలిన డబ్బుతో రెండూ వస్తాయి. ఈసారి అడ్డుపడ్డది మొగుడు.

"ఉన్న తెర బాగానే ఉందిగా? కుర్చీ అసలు కంప్యూటర్ భాగమే కాదు!"

కోడలు చీటీ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఏది ముందు చస్తుందో చూసుకోవాలి కదా! నాలుగు గంటలయ్యేసరికి నా కళ్ళు మండుతాయి. ఆరింటికి లేవాలంటే బల్ల పట్టుకుని లేస్తాను. ఆ పెట్టె పదేళ్ళుంటే దాని ముందు కూర్చోడానికి నేనూ ఉండాలిగా!"

ఇది ఆమె ఎప్పుడూ చెప్పలేదు.  మొగుడు తల్లి వైపు చూశాడు, ఎప్పటిలా ఖర్చు వద్దంటుందని.

 అత్తగారు ఈసారి అరవలేదు, అది వింతగా తోచింది అందరికీ. "మర బేరింగులకి వారం వారం గ్రీజు పెట్టాన్రా. చెవుల్లో రెండు దూది ఉండలు పెట్టుకోవాలని ఒక్కరూ చెప్పలేదు. నాకూ తోచలేదు." ఆగి, మళ్ళీ మామూలు గొంతుతో, "తియ్యరా డబ్బులు!" అని అరిచింది.

తీశాడు.

ఆదివారం పొద్దున పోస్టుమార్టం స్వయంగా ఇంటికొచ్చాడు, సెలవు రోజు అయినా. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి కడదామన్నారు. ఆయన చెబుతుంటే కోడలే ఒక్కో భాగమూ బిగించింది. పదకొండేళ్ళుగా ఇళ్ళు గీస్తోంది గానీ ఏదైనా చేత్తో కట్టడం ఇదే మొదలు. అత్తగారు స్క్రూలు లెక్కపెట్టి అందించింది. ఒకటి మిగిలితే ఊరుకోనంది.

అంతా అయ్యాక మీట నొక్కారు. ఫ్యాన్లు ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయాయి. తెర నల్లగా ఉంది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అంతే.

సరిగ్గా ఆ ముహూర్తానికే అల్లుడు గుమ్మంలో అడుగుపెట్టాడు. అలిగి నాలుగు రోజులైంది, ఇక ఉండలేకపోయాడు. నల్లటి తెర చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "నేను ముందే చెప్పాను," అన్నాడు. ఏం చెప్పాడో ఎవరికీ గుర్తులేదు.

కోడలు బిగించినవన్నీ మళ్ళీ తడిమి చూసింది. పోస్టుమార్టం మాత్రం కంగారుపడలేదు. లోపలికి వంగి చూసి, "మెమరీ సగమే కూర్చుందమ్మా. భయపడి నొక్కారు," అన్నాడు.

"విరిగిపోతుందేమోనని..."

"విరగదు. రెండు బొటనవేళ్ళూ పెట్టి, గట్టిగా."

ప్లగ్ తీసి, ఆమె గట్టిగా నొక్కింది. టక్ మంది. రెండోదీ నొక్కింది. టక్. ప్లగ్ పెట్టి మీట వేశారు. తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. పోస్టుమార్టం చేతులు దులుపుకున్నాడు.

అత్తగారు పెట్టె మీద అరచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఇది తిరగడంలేదే! చచ్చింది!"

"తిరుగుతోంది అత్తయ్యా," అంది కోడలు ఆవిడ చెవి దగ్గర. "వణకడం లేదంతే."

అత్తగారు చెయ్యి తీసి అరచేతిని చూసుకుంది. మళ్ళీ పెట్టింది. ఆమె ముఖంలో అంత తృప్తి కోడలు తన పెళ్ళిలో కూడా చూడలేదు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. బోర్డులో మెమరీకి ఖాళీగా వదిలిన రెండు గదులూ నాలుగో ఏట నింపారు. ఒక డిస్కు పోయింది. రెండోదాంట్లో బొమ్మలన్నీ భద్రంగా ఉన్నాయి, ఆ మధ్యాహ్నమే కోడలు ఇంకొకటి తగిలించి పని సాగించింది. కళ్ళు మండటం తగ్గింది. నడుము మాత్రం పూర్తిగా మాట వినలేదు, దానికి వారంటీ లేదు. అల్లుడుగారు చుట్టాలందరికీ ఆ కంప్యూటర్ తనే దగ్గరుండి ఎంపిక చేశానని చెప్పుకుంటున్నాడు. ఎవరూ కాదనలేదు. చెప్పుకోనీ, మనిషికి ఏదో ఒకటి ఉండాలి.

చిక్కల్లా అత్తగారితోనే. రెండు నెలలకోసారి జల్లెడ కడిగి, రంగులేసే బ్రష్షుతో దుమ్ము దులపడం తప్ప ఆవిడకు ఆ పెట్టెతో పనే లేకుండా పోయింది. ఊసుపోక పోయిన వారం ఎదురింటివాళ్ళ బట్టలు ఉతికే మిషను విప్పి నేలమీద పరిచింది. వాళ్ళు ఊళ్ళో లేరు. తాళం చెవి మొక్కలకు నీళ్ళు పొయ్యమని ఇచ్చి వెళ్ళారు.