చిన్నదొర మీసం

ఒమాన్‌లోని షినాస్‌లో ఆ ఇంటివాళ్ళు మధ్యాహ్నం భోంచేసి పడుకున్నాక పనివాళ్ళిద్దరికీ కాస్త తీరిక దొరికేది. కడప సఫూరా, గోదావరి శ్రీలక్ష్మి వంటింటి వెనక గదిలో చేరేవాళ్ళు. శ్రీలక్ష్మికి చదువు రాదు. సఫూరా పదో తరగతి దాకా చదివింది. అందుకని శ్రీలక్ష్మి ఫోన్‌లో వచ్చే చిన్నదొర కబుర్లు చదివే డ్యూటీ సఫూరాది.

చిన్నదొర సినిమా హీరో. మొగుళ్ళను తలుచుకుని ఏడ్చినదానికంటే, ఆయన సినిమాలో చచ్చిపోయినప్పుడు ఆ ఇద్దరూ ఏడ్చిందే ఎక్కువ. 'చిన్నదొర అభిమానులు, గల్ఫ్ శాఖ' అనే వాట్సాప్ గ్రూపులో తను చేరి, శ్రీలక్ష్మిని చేర్పించింది కూడా సఫూరాయే. మొదట్లో పోస్టర్లు, పుట్టినరోజు కేకులు, పక్క హీరో మీద తిట్లు వచ్చేవి. ఆరోగ్యకరమైన తిట్లే. తర్వాత పక్క హీరో కులాన్ని తిట్టారు. ఎన్నికలొచ్చాక, ఎవరికి ఓటేస్తే నిజమైన అభిమానో చెప్పారు. ఆ తిట్లూ పాతబడ్డాక సఫూరా మతంవాళ్ళ మీద పడ్డారు. తురకల కొట్లో కొనొద్దు, వాళ్ళు వండింది తినొద్దు, చిన్నదొర మీద ఒట్టు. చిన్నదొర మాత్రం నోరు విప్పలేదు. ఆయనకు షూటింగులున్నాయి.

సఫూరా వాటిని చదివేది కాదు. కళ్ళతో దాటేసి, ఆ జాగాలో ఏదో ఒకటి అల్లేది.

"ఏంటంటున్నారే ఇయ్యాల?"

"కొత్త సినిమాకి మీసం పెంచుతాండాడంట అక్కా."

"మొన్ననే పెంచాడన్నావు కదే."

"మళ్ళా గొరిగించినాడులే."

చిన్నదొర మీసం పెరిగినన్నిసార్లు షినాస్ సముద్రం కూడా పోటెత్తి ఉండదు.

గ్రూపులోంచి ఇద్దరినీ బయటికి లాగేద్దామని సఫూరాకు అనిపించేది. లాగితే ఎందుకని అడుగుతుంది. ఈ దేశంలో తనకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసేది శ్రీలక్ష్మి ఒక్కతే. ఆ ఒక్క మనిషినీ పోగొట్టుకోలేక మీసం పెంచుతూ వచ్చింది.

ఇంతలో చదువురాని అభిమానుల మీద అడ్మిన్‌కు జాలి కలిగింది. దుబాయ్‌లో ఉంటాడట, మంచి గొంతు. పాతవీ కొత్తవీ అన్నీ వాయిస్ మెసేజులుగా పెట్టడం మొదలుపెట్టాడు.

శుక్రవారం సఫూరా బట్టలారేసి వచ్చేసరికి శ్రీలక్ష్మి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇయ్యన్నీ ఎప్పట్నించో వస్తున్నాయంటగా."

"వస్తాండాయి."

"మరి నాకు చదవలేదేం?"

"అన్నీ అబద్ధాలక్కా. నేను వండింది రోజూ తింటాండావు గదా, ఏమన్నా అయిందా నీకు?"

శ్రీలక్ష్మి ఆ మాట పట్టించుకోలేదు. "మీసం సంగతేంటి?"

సఫూరా నవ్వబోయింది. శ్రీలక్ష్మి నవ్వలేదు.

"వాళ్ళు మనకి నిజం చెప్పరు, దాస్తారు అంటున్నాడాయన. మా సఫూరా అలాంటిది కాదులే అనుకున్నాను. నువ్వేమో ఇన్నాళ్ళూ దాచావు."

"ఆయనెవరక్కా? మొగమన్నా చూసినామా?"

"చిన్నదొర మనిషి. నాకు అబద్ధం చెప్పి ఆయనకొచ్చేదేంటి?"

మొదటి రోజే చదివి వినిపించి ఉంటే ఇద్దరూ కలిసి వాళ్ళను తిట్టుకుని ఉండేవాళ్ళేమో. ఆ మాట సఫూరాకు అప్పుడు తోచింది.

మర్నాటి నుంచి శ్రీలక్ష్మి తన అన్నం తనే వండుకుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తిరిగింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం సఫూరా ఫోన్‌లో ఆమె గొంతు వినిపించింది.

"అందరికీ నమస్కారమండి. మీరు చెప్పిందంతా నిజమేనండి. మా గదిలోనే ఒకావిడ ఉందండి. ఇన్నాళ్ళూ నాకు సగమే చదివిందండి."

కింద వరసగా పూలు, చప్పట్లు, దండాలు. పక్క మంచం మీద శ్రీలక్ష్మి మొహం వెలిగిపోతోంది. ఆమె మాట అంతమంది విన్నది పుట్టాక అదే మొదలు. చివర అక్షరాల్లో ఏదో వచ్చింది. శ్రీలక్ష్మి ఫోను దగ్గరికీ దూరానికీ పెట్టి చూసింది. అలవాటుకొద్దీ సఫూరా చెయ్యి చాపింది.

శ్రీలక్ష్మి ఫోను చున్నీ కింద పెట్టుకుని, చెప్పులేసుకుని పక్కింటి తెలుగు డ్రైవరు దగ్గరికి వెళ్ళింది.

సఫూరా అదే మెసేజు తన ఫోన్‌లో చదువుకుంది. 'ఆవిడ మన గ్రూపులో ఉందా అక్కా? ఉంటే నంబరు పెట్టండి.'

ఇంట్లోవాళ్ళు లేచే వేళయింది. ఆమె వెళ్ళి టీకి నీళ్ళు పెట్టింది. నీళ్ళు మరగకముందే ఆమెను గ్రూపులోంచి తీసేశారు.