జీడిపప్పు అద్దిన మాత్ర

నేను ఒక జాడీని. మట్టిలో పుట్టి, మంటలో గట్టిపడి, గోధుమరంగు మెరుపు తొడుక్కుని అమలాపురం సంతకు వచ్చాను. ఒక ముసలావిడ నన్ను కొని నా నిండా ఆవకాయ పెట్టింది. ఆమె తరువాత కోడలు మాణిక్యాంబ పాలబడ్డాను. ఆవకాయ పోయి కాయం వచ్చింది. శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి కలిపి బాలింత కోసం ఉడికించే ఆ నల్లని ఉండలను మోయడం మొదలుపెట్టాక నాకు వైద్యుడి హోదా దక్కింది. మూత తీసే ముందు మాణిక్యాంబ దణ్ణం పెట్టేది. నేనేమీ చదువుకోలేదని నేను చెప్పలేదు.

ఆమె కూతురు హైమ పురిటికి వచ్చి పాపను కన్నది. కన్నాక నీరసించింది. జుట్టు రాలింది, కాళ్లు బరువెక్కాయి, బిడ్డను ఎత్తుకుంటే చేతులు వణికాయి. థైరాయిడ్ మందగించిందని తేల్చి డాక్టరమ్మ మాత్ర రాసింది. తెల్లవారగానే, పరగడుపున వేసుకోవాలి.

రాజ్యాలు కూలే తగవు అక్కడే వచ్చింది. ఆ ఇంట్లో పరగడుపు నాది.

"కాయం కన్నా ముందు ఇంకోటి గొంతు దిగితే వాతం చేస్తుందే!" అంది మాణిక్యాంబ.

"బిడ్డని ఎత్తుకునే ఓపికే లేదమ్మా నాకు. ఏదో ఒకటి తేల్చు."

మాణిక్యాంబ సంధి కుదిర్చింది. రోజూ రాత్రి ఒక మాత్రను కాయం ఉండలో పొదిగి, గుర్తుకు పైన జీడిపప్పు అద్ది నాలో పెట్టేది. ఆ ఉండ పొద్దుటికి, మామూలువి సాయంత్రానికి.

ఆమె భర్త సుబ్బారాయుడికి జీడిపప్పు బలహీనత. అందరికన్నా ముందే లేచి, జీడిపప్పు ఉన్న ఉండను మింగి, అనుమానం రాకుండా ఒక మామూలు ఉండకు ఇంకో జీడిపప్పు అద్దేవాడు. దొంగతనంలో అంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు.

మంచం దిగడానికి బేరమాడే ఆ మనిషి కొన్ని వారాలకు పెరడు ఊడ్చాడు, పక్కింటి పెరడూ ఊడ్చాడు, ఎదురింటి తలుపు తట్టి, "మీదీ ఊడ్చెయ్యమంటారాండీ?" అన్నాడు.

"కాయం గాలి సోకినా చాలు!" అని మాణిక్యాంబ మురిసింది. హైమ మాత్రం గోడకు ఆనుకుని, ఏడ్చే పాపను చూస్తూ కూర్చునేది.

మళ్లీ పరీక్ష చేస్తే జబ్బు పెరిగిందే గాని తగ్గలేదు. తన తప్పేమీ లేదని చూపడానికి మాణిక్యాంబ నన్ను తువ్వాలులో చుట్టి డాక్టరమ్మ బల్లమీద పెట్టింది.

"ఒక్క పూటా మానలేదండి. జీడిపప్పు ఉన్నవే పెట్టాను."

"జీడిపప్పు ఉన్నవా?" వెంట వచ్చిన సుబ్బారాయుడు గుండె పట్టుకున్నాడు. డాక్టరమ్మ అతని నాడి పట్టుకుంది. అది ఊరు దాటి పరిగెడుతోంది.

"నా మందు తినేసి ఊరంతా ఊడ్చావా నాన్నా?" అంది హైమ. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

"మాత్ర ఒక్కటే, ఉత్త నీళ్లతో," అంది డాక్టరమ్మ. "అరగంట దాటాకే ఇంకేదైనా. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, అన్నీ పెట్టండి. దాహమేస్తే నీళ్లివ్వండి."

"బాలింతకి నీళ్లా!"

"బాలింతకేనమ్మా."

కొంతకాలానికి సుబ్బారాయుడు మళ్లీ మంచానికి అంటుకున్నాడు. "మీవారికి ఒంట్లో బాగోలేదా?" అని ఇరుగుపొరుగు బెంగపడ్డారు.

నేను ఖాళీ అయ్యాను. ఒకనాటి ఉదయం హైమ పాపను ఒక చంకన, నన్ను ఇంకో చంకన పెట్టుకుని, నన్ను కడగడానికి నూతిగట్టుకు నడిచింది. నేను బరువైన జాడీని. పాపా బొద్దుగానే ఉంది. ఆమె చేతులకు మాత్రం ఆ సంగతి తట్టనే లేదు.