తెగులును పిలిచిన విదుషి

శ్రావణమేఘములు మొగము చాటువేసికొని తూర్పునకు తరలిపోగా భాద్రపదభాస్కరుడు ప్రచండకిరణపరంపరలచే అనంతపురసీమ యెఱ్ఱనేలలను పెనమువలె కాల్చుచుండిన దినములలో, చుట్టుపట్ల వేరుశనగచేలన్నియు మొవ్వుకుళ్ళు తెగులు సోకి మాడిపోయి యుండ, ఇనుపకంచె నడుమనున్న యొక పరిశోధనక్షేత్రము మాత్రము మరకతకాంతుల నీనుచు నేత్రపర్వముగా నుండెను. దానిని చూచి మురిసిపోనివారు లేరు, ఆ పైరును సృజించిన డాక్టరు వకుళాదేవి తప్ప.

తెగులును తట్టుకొను జన్యువును వేరుశనగ కణమునందు నిలుపుటకై గాజుసీసాలముందు పదునాలుగేండ్లు తపస్సుచేసిన విదుషి యామె. సీసాలో పైరు పండునా యని నవ్విన పెద్దలను పూచికపుల్లపాటి లెక్కచేయలేదు. ఇప్పుడు పరీక్షార్థము తన మొక్కల సరసనే మామూలు మొక్కలను నాటించెను. తెగులు వచ్చి మామూలువి చావవలెను, తనవి బ్రదుకవలెను. అయ్యో, రెండును సమానముగా నవనవలాడుచున్నవే! ఆమె కావలి ఓబులేసును పిలిపించి, "ఈ చేనికి మందేమైన కొట్టితివా?" యని యడిగెను.

"కొట్టినానమ్మా, రెండు తూర్లు. తామరపురుగు ఎగబడి వస్తాంటే చూస్తా ఎట్లుండేది? పద్నాలుగేండ్లు మీరు సాకిన పైరు గదా!"

తెగులును మోసికొనివచ్చునవి యా పురుగులే. అవి చచ్చెను గనుక తెగులు రాలేదు. ఆ పచ్చదనము జన్యువుది కాదు, ఓబులేసు మందుడబ్బాది. ఆమెకు కోపము ముంచుకొనివచ్చెను గాని ఆ వెఱ్ఱిప్రేమను చూచి దానిని దిగమ్రింగెను.

అంతలో క్రొత్త విత్తనములకు అనుమతి నిచ్చు పరీక్షకసంఘము విచ్చేసెను. ఓబులేసు మాటలను వినియున్న క్షేత్రసంచాలకుడు శేషాచలపతి ఆమెను ప్రక్కకు పిలిచి, "చుట్టుచేలు మాడినను మన చేను కళకళలాడుచున్నది. నివేదికపై సంతకము చేయుడు. ఈయేడు తప్పిన అనుమతి మరి రాదు. మందుమాట మనలోనే యుండనిండు" అని గొంతు తగ్గించి పలికెను.

"రేపు రైతు నా విత్తనమును నమ్మి మందు మానినప్పుడు తెగులు వానిచేనిపై పడదా? అప్పుడు నా సంతకము వచ్చి కాపాడునా? నాచేత కాదు!" అని యామె సంఘమువారి యెదుటకు పోయి జరిగినదంతయు చెప్పివేసెను. పిమ్మట ఓబులేసువంక తిరిగి, "పొరుగుచేలలోని తెగులుమొక్కలను పురుగులతోకూడ పెకలించి తెచ్చి నా సాళ్ళనడుమ నాటుము" అనెను.

"అమ్మా, మన చేతులారా మనమే చంపుకుందుమా?" అని యతడు బావురుమనెను. అయినను తెచ్చి నాటెను. సంఘమువారు నెలదినములు గడువిచ్చిరి.

ఆ నెలయందు వకుళాదేవికి తిండి సయించలేదు. మామూలు మొక్కలన్నియు మొవ్వులు కుళ్ళి కూలెను. ఆమెవియు దినమునకు కొన్ని చొప్పున నల్లబడుచుండెను. గడువునాటికి నూటయిరువదింట పదునొకటి మాత్రమే నిలిచెను.

"ఇన్నేండ్ల శ్రమకు పదునొకటియేనా?" యని శేషాచలపతి పెదవి విఱిచెను.

ఆమె వంగి యొక మొక్కను పెకలించి మట్టి దులిపెను. గుత్తులుగుత్తులుగా కాయలు వ్రేలాడెను. దానిని అతని మొగమునెదుటికెత్తి, "ఔను, పదునొకటియే. కాని వీనిలో నొక్కటియు మన దయచే బ్రదికినది కాదు" అనెను.