మడమల మీద నడక

రూత్ తాగుతుందన్న మాట పెద్దకడుబూరు చేలల్లో పుట్టి, వారం తిరిగేసరికి ఎమ్మిగనూరు సంత దాకా పోయింది. ఏం మనుషులయ్యా! ఇరవై ఏళ్లుగా చర్చిలో ముందు వరసలో కూర్చునే ఆడమనిషి, పన్నెండు మంది కూలీలకు మేస్త్రీ. ఆమె నెలలో నాలుగుసార్లు గట్టు మీద బోర్లా పడేసరికి, తాగుడు తప్ప ఇంకొకటి తోచలేదు ఊరికి!

ఆ మాట మోసిందెవరో రూత్‌కు తెలుసు. తన గుంపులోని అంజనమ్మే. చేను యజమాని శేషప్ప మొహం మీదే చెప్పేసినాడు: "సోమవారం నుంచి అంజనమ్మ మేస్త్రీగా ఉంటాది. నువ్వు కొన్నాళ్లు ఇంటికాడ ఉండు రూతమ్మా."

రూత్‌కు ఒళ్లు మండిపోయింది. పడ్డానన్న బాధ కన్నా పేరు పోయిందన్న బాధే ఎక్కువ. మరుసటి రోజే ఆదోని బస్సెక్కి, ఊరి నర్సమ్మ చెప్పిన ఫిజియోథెరపీ మేడమ్ జయశ్రీ దగ్గరికి పోయింది.

గడప బయట చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టిందో లేదో, మేడమ్ గబగబా బయటికొచ్చి ఆ చెప్పులే చేతిలోకి తీసుకుంది.

"అయ్యో, ముట్టద్దు మేడమ్! పేడ తొక్కినాను."

"ఉండమ్మా, ఇట్ల చూడు. ఎడమది బాగుంది. కుడి చెప్పు మొన మాత్రం ఎట్ల అరిగిపోయిందో! నడిచేటప్పుడు నీ పాదం ముందుభాగం లేవక నేలకు రాసుకుంటాంది. అందుకే తట్టుకొని పడతాండావు. ఏదీ, మడమల మీద నాలుగడుగులు వెయ్యి."

రూత్ వేసింది. ఎడమ పాదం నిక్కింది. కుడిది మాత్రం టప్పుమని నేలకు కొట్టుకుంది. ఇంకోసారి వేసినా అంతే. మేడమ్ కళ్లు మెరిసినాయి. మోకాలి కింద బయటి పక్క వేలితో తట్టేసరికి, పాదం దాకా జివ్వుమంది.

"రోజుకు ఎంతసేపు గొంతుక్కూర్చుంటావమ్మా?"

"కలుపు తీసేదానికి పొద్దున కూర్చుంటే అన్నం పొద్దుకు లేస్తాం. మళ్లీ కూర్చుంటే సాయంత్రమే."

"అదే! మోకాళ్లు అట్ల మడిచి గంటలు గంటలు కూర్చుంటే ఈడ నరం నలిగిపోతాది. పాదాన్ని పైకెత్తేది ఆ నరమే."

"అంటే... ఇది తాగినోళ్ల నడక కాదు కదా మేడమ్?"

మేడమ్‌కు నవ్వొచ్చింది. రూత్ కళ్లు చూసి ఆ నవ్వు మింగేసింది. "కాదమ్మా. ఇది పనిచేసినోళ్ల నడక."

రూత్‌కు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చినాయి. పాదం వాలకుండా ప్లాస్టిక్ పట్టీ కట్టించుకుంది, కాలికి రబ్బరు తగిలించి వేళ్లు పైకి లాక్కునే కసరత్తు నేర్చుకుంది. గొంతుక్కూర్చోవద్దు, పీట వేసుకో, పావుగంటకొకసారి లేచి నడువు, రెండు మూడు నెలలు ఓపిక పట్టు అని మేడమ్ చెప్తుంటే, అన్నిటికీ తల ఊపింది.

సోమవారం తెల్లారీ తెల్లారకముందే వేరుశనగ చేలో దిగి, కాలి పట్టీ చూపించి మేడమ్ చెప్పిందంతా గుంపుకు చెప్పింది. ఇంటికాడ ఉండమన్నా ఉంటుందా ఆమె!

"నరం నలిగితే తూలుతారంట!" అంజనమ్మ మూతి తిప్పింది. "ఎవురికి చెప్తావక్కా ఈ కతలు?"

"కతలా? రాండి అందరూ! ఆ గట్టు దాకా మడమల మీద నడవండి, చూస్తా."

ఆడోళ్లందరూ చీరలు ఎగదోపి, ఒకరి మీద ఒకరు పడుతూ నవ్వుకుంటూ బయల్దేరినారు. శేషప్పకు కూడా సరదా పుట్టింది. "నేనూ నడవాల్నా?"

"నువ్వు మంచం మీద కూర్చునేవానివి అన్నా, నీ నరానికేం కాదులే!" అంది రూత్.

చేనంతా నవ్వే. ఆ నవ్వుల మధ్య టప్పుమని ఒక చప్పుడు. మళ్లీ టప్. అందరూ వెనక్కి తిరిగినారు. అంజనమ్మ ఎడమ పాదం లేవడం లేదు. పళ్లు బిగించి ఇంకోసారి ఎత్తబోయింది. లేస్తేనా!

అంజనమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, నేను చుక్క కూడా ముట్టలేదక్కా... సత్యంగా!"

వారం రోజులుగా రూత్ కడుపులో దాచుకున్న తిట్లు ఎన్ని! ఒక్కటీ బయటికి రాలేదు.

"నేను మాత్రం ముట్టినానా?" అంది మెల్లగా.

అంజనమ్మ గట్టు మీద కూలబడింది. రూత్ పక్కనే చతికిలబడి, ఆమె మోకాలి కింద వేలితో తట్టింది. "ఈడ జివ్వంటాందా?"

"అంటాందక్కా!"

"అదే నరం! నాదీ అదే!" ఉత్సాహం పట్టలేక అరిచేసింది రూత్. "బాగైతాదే పిచ్చిదానా! రేపే పోదాం ఆదోనికి." తర్వాత గుంపు వైపు తిరిగింది. "రేపటి నుంచి అందరూ పీటలు తెచ్చుకోండి. పావుగంటకొకసారి నేను కేకేస్తా. లేచి నడవాల!"

శేషప్పకు నవ్వు దిగిపోయింది. "అట్లయితే నా పని ఎప్పుడు సాగాల? అసలు ఈడ మేస్త్రీ ఎవురు?"

గట్టు మీద కాలు పట్టుకొని కూర్చున్న అంజనమ్మే తలెత్తింది.

"రూతక్కే."